ప్రవళిక మీద రాసిన రికార్డు

ప్రవళికకు చెవులు వినపడవని మా ఇంట్లో మొదట తెలిసింది నాకే. అది మా ఆయన అన్న కూతురు. అప్పటికి దానికి నాలుగేళ్లు నిండి మూడు నెలలు. తెలిసిన తర్వాత ఎన్ని రోజులు నోరు మూసుకున్నానో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టింది వాళ్లమ్మ, మా స్వరూపక్క.

మాది ఖిల్లా ఘణపూర్ పక్కన ఊరు. ఊరి అంగన్‌వాడీలో నేను ఆయాను. వండి పెట్టడం, మూతులు కడగడం, ఊడ్చడం, పిల్లల్ని నిద్రపుచ్చడం నా పని. పాటలూ బొమ్మలూ టీచరు రేణుకమ్మ పని. ఆరేళ్లు అట్లా గడిచాక ఒకరోజు మా ఊరి బడి హెడ్‌మాస్టరు కోడిగుడ్ల లెక్క కోసం సెంటరుకొచ్చి ఒక మాట చెప్పాడు. వచ్చే జూన్ నుంచి బడిలోనే నాలుగేళ్ల పిల్లలకు ఒక తరగతి పెట్టేలా ఉన్నారట. చిన్నపిల్లల చదువులో డిప్లొమా ఉన్నవాళ్లకు ఆ ఉద్యోగం ఇస్తారట. "సుమనమ్మా, నువ్వు ఇంటర్ పాసైనవు గద. వనపర్తిల ఆదివారం క్లాసులు నడుస్తున్నయి. ఒక్క ఏడాదే," అన్నాడు.

ఒక్క ఏడాదే అన్న మాట నా తలలో నాటుకుపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను. మా అత్త బసవమ్మ బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు. "ఆదివారం చేన్ల పనెవరు జేస్తరు? నీ పోరిని ఎవరు జూస్తరు? గిన్నెలు తోముకునేటందుకు గూడ సర్టిఫికెట్ గావాల్నా?"

మా ఆయన జగదీశ్ నా వైపు చూసి, వాళ్ల అన్న మద్దిలేటి వైపు చూశాడు. మాట్లాడింది స్వరూపక్కే.

"నేను జూస్తనత్తా. సింధూజ ఎట్ల జేసినా నా కొంగే పట్టుకోని తిరుగుతది. ఆదివారం బువ్వ గూడ నేనే వండుత. పోనీయి. చెల్లె టీచరైతే మనింటికే పేరు."

స్వరూపక్క పదో తరగతి దాకా చదివింది. అప్లికేషన్ ఫారం నింపింది కూడా ఆమే. నా అక్షరాలు కోడి గీకినట్టు ఉంటాయని నవ్వి, నా చేతిలోంచి పెన్ను తీసుకుంది. పెళ్లయిన ఎనిమిదేళ్లకు, రెండు కడుపులు పోయాక పుట్టింది ప్రవళిక. నా సింధూజ దానికంటే పది నెలలు చిన్న. ఇద్దరూ ఒకే మంచంలో పెరిగారు. సింధూజ వసపిట్ట. ప్రవళికకు మాటలు రాలేదు. గొంతులోంచి ఏవో శబ్దాలు చేసేది, గలగలా నవ్వేది. మా మామ కూడా ఐదేళ్ల దాకా మాట్లాడలేదని అత్త చెప్పేది. ఆ మాటతో ఇంట్లో అందరం నిశ్చింతగా ఉన్నాం.

*

వనపర్తిలో మా క్లాసు ఒక ప్రైవేటు బడి పైఅంతస్తులో. పిల్లల బెంచీల్లో మోకాళ్లు పట్టక పక్కకు తిరిగి కూర్చునేవాళ్లం. గద్వాల నుంచి ఇద్దరు, బల్మూర్ నుంచి చంటిపిల్లను చంకనేసుకుని ఒకామె, మిగతా అందరూ చుట్టుపక్కల ఊళ్ల అంగన్‌వాడీ వాళ్లు. పాఠం చెప్పేది ఏసమ్మ మేడం. టీచర్లకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. గొంతు పెంచేది కాదు, కుర్చీలో కూర్చునేదీ కాదు.

దీపావళి అయిన తర్వాతి ఆదివారం ఆమె రికార్డు గురించి చెప్పింది. ఒక పిల్లనో పిలగాన్నో ఎంచుకుని పది వారాలు చూడాలి. ఏం ఆడింది, ఏం తింది, ఎవరితో కలిసింది, ఎందుకేడ్చింది, అన్నీ తేదీలేసి రాయాలి. జనవరి పదకొండున ఇవ్వాలి. ఇవ్వనివాళ్లకు పరీక్ష లేదు, మళ్లీ వచ్చే బ్యాచే.

"మంచి పిల్ల, మొండి పిల్ల అని రాయొద్దు. మీ కంటికి ఏం కనపడ్డదో అదే రాయండి," అంది. "మనం పిల్లల మధ్యనే ఉంటం గని వాళ్లను సూడం. పది వారాలు సూస్తే మీకే తెలుస్తది."

సొంత పిల్లలు వద్దన్నారు. నాకు వెంటనే తట్టింది ప్రవళికే. ఇంట్లోనూ సెంటర్లోనూ కళ్లముందే ఉంటుంది. స్వరూపక్క ఎంత సంబరపడిందో! "నా బిడ్డ మీద బుక్కు రాస్తవా? ఫొటో గూడ అంటిస్తరా?" అని దానికి తలంటి, రెండు జడలేసి, రేణుకమ్మ ఫోన్లో ఫొటో తీయించింది. మొదటి పేజీలో అంటించేటప్పుడు పక్కన నిలబడి, జిగురు ఎక్కువైందని కొంగుతో తుడిచింది.

మొదటి రెండు వారాలు ఏముంది రాయడానికి అనిపించింది. చింతగింజలు వరుస పెట్టింది. రెండు గుడ్లు అడిగింది. సింధూజ జుట్టు పీకింది.

మూడో వారం బుధవారం, నవంబరు పంతొమ్మిదిన, సింధూజకు జ్వరం. దాన్ని ఇంట్లో ఉంచి ప్రవళికను ఒక్కదాన్నే సెంటరుకు తెచ్చాను. పదకొండు దాటింది. లోపల రేణుకమ్మ పిల్లలతో పాట పాడిస్తోంది. ప్రవళిక గుమ్మానికి వీపు పెట్టి గింజలతో ఆడుకుంటోంది. నేను వరండాలో అన్నం వారుస్తుంటే చేయి కాలి గిన్నె మూత జారింది. నలభై మందికి వండే గిన్నె మూత. బండల మీద పడి, గిరగిరా తిరిగి తిరిగి ఆగింది. పాట ఆగిపోయింది. ఒక చంటిది ఝడుసుకుని ఏడ్చింది. పిల్లలందరి తలలూ నా వైపు తిరిగాయి.

ప్రవళిక తల తిరగలేదు. ఇంకో గింజ తీసి వరుసలో పెట్టింది.

వెళ్లి దాని వెనుక నిలబడ్డాను. పేరు పెట్టి పిలిచాను. మళ్లీ గట్టిగా పిలిచాను. చప్పట్లు కొట్టాను. నా నీడ గింజల మీద పడ్డప్పుడు మాత్రం తలెత్తి చూసి నవ్వింది.

అప్పుడు అర్థమైంది నాకు. ఇంట్లో ఎవరు "ప్రవళికా, రా" అని పిలిచినా సింధూజే దాని చెయ్యి పట్టి లాగేది. అది వచ్చేది. ఎన్నిసార్లు చూశామో ఆ దృశ్యం! చెల్లెలు అక్కను ఎట్లా వెంటేసుకుని తిరుగుతుందో చూడండని చుట్టాలకు చెప్పుకుని మురిసేవాళ్లం.

రేణుకమ్మ నా పక్కకొచ్చింది. "నాక్కూడ అనుమానమే, సుమనా. గని మీ ఇంటి పిల్ల. నేను జెప్తే కొట్లాటైతది. నువ్వే జెప్పు," అంది మెల్లగా.

ఆ సాయంత్రం రాశాను. "పెద్ద శబ్దానికి స్పందన లేదు. వెనుక నుంచి రెండుసార్లు పిలిచినా చూడలేదు. నీడ చూసి తలెత్తింది." రాస్తుంటే స్వరూపక్క టీ తెచ్చి పక్కన పెట్టింది. "ఇయ్యాల ఏం జేసింది నా బిడ్డ?" అని అడిగింది.

"గింజలు వరుస పెట్టిందక్కా," అన్నాను.

*

ఆదివారం ఏసమ్మ మేడం ఆ పేజీ చదివి కళ్లద్దాలు తీసింది.

"ఇంట్లో చెప్పినవా?"

"లేదు మేడం."

"ముందు ఆ పని జెయ్యి. ఇయ్యాలనే జెయ్యి. దవాఖానకు తీస్కపోవాలె. ఈ వయసుల ఒక్కొక్క నెల లెక్కనే." రికార్డు మూసి నా చేతికిచ్చింది. "వాళ్లు దవాఖానల చుట్టు తిరుగుతుంటే నువ్వు వెనకవెనక రాసుకుంట తిరుగుడు బాగుండదు. ఇంకో పిల్లను ఎంచుకో."

"ఇప్పటిసంది పది వారాలంటే జనవరి దాటుతది మేడం."

"దాటితే వచ్చే బ్యాచ్. ఏం మునిగిపోతది?"

ఆమె మాటలో కోపం లేదు. ఏడాది అంటే ఆమెకు ఒక ఏడాదే. జూన్‌లో తరగతి మొదలైతే వేరే ఎవరో వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటారు, నేను అన్నం గిన్నె దగ్గరే ఉండిపోతాను అని బస్సులో వస్తూ అనుకున్నాను. ఘణపూర్‌లో దిగేసరికి ఇంకో మాట కూడా అనుకున్నాను. నేనేమన్నా డాక్టర్నా? నాదే పొరపాటైతే?

తెల్లారి పల్లిచేనులో కలుపు తీస్తున్నప్పుడు అత్త పక్కన సాలు పట్టాను. స్వరూపక్క దూరంగా గట్టు మీద పిల్లల దగ్గర ఉంది.

"అత్తా, ప్రవళికను ఎన్కకెల్లి పిలిస్తే సూస్తలేదు. ఇనపడ్తలేదేమో అనిపిస్తుంది. ఒకపారి దవాఖానల చూపిస్తే…"

అత్త కలుపు కత్తి నేలలో గుచ్చింది. "నాలుగు ఆదివారాలు బస్సెక్కంగనే డాక్టరమ్మవైనవా? దాని తాతను నువ్వు జూసినవా? ఐదేండ్లకు నోరిప్పిండు. ఈ మాట స్వరూప ముంగట అన్నవంటే ఇల్లు రెండైతది. నీ బిడ్డ మాట్లాడుతుంది, దాని బిడ్డ మాట్లాడతలేదని దెప్పుతున్నవంటది."

నేను తల వంచుకుని కలుపు పీకాను. గుండెల మీంచి బరువు దిగినట్టు అనిపించింది. చెప్పాల్సింది చెప్పాను కదా, పెద్దమనిషి వద్దంది కదా. స్వరూపక్క నన్ను అట్లా అనే మనిషి కాదని నాకు తెలుసు. అత్తకూ తెలుసు.

తర్వాతి ఆదివారం మేడం మర్చిపోలేదు. "చెప్పినవా?"

"చెప్పిన మేడం," అన్నాను. నోరు దానంతటదే కదిలింది. "పంట తీసినంక హైదరాబాద్ తీస్కపోతమన్నరు. అప్పటిదాక రాసుకోమన్నరు."

ఆమె నన్ను ఒక్క క్షణం చూసింది. తర్వాత ఎర్ర పెన్నుతో మూడో వారం పేజీ అంచున రాసి సంతకం పెట్టింది. "తల్లిదండ్రులకు తెలియజేయడమైనది. 30 నవంబరు."

*

ఆ తర్వాత నా రికార్డు బాగా వచ్చింది. ఈ మాట చెప్పడానికి సిగ్గేస్తుంది, కానీ నిజం. అప్పటిదాకా రాయడానికేమీ లేదనుకున్నదాన్ని, ఇప్పుడు పేజీలు చాలేవి కావు. ప్రవళిక ఏం చేసినా దాని వెనుక ఏముందో నాకు కనపడేది. మనుషుల మూతుల వైపు ఎట్లా చూస్తుందో, బర్రె అరిస్తే చూడకుండా అది తోక విదిలిస్తే ఎట్లా తిరుగుతుందో, ఎవరన్నా నవ్వితే ముందు సింధూజ ముఖం చూసి తర్వాత తను ఎట్లా నవ్వుతుందో, అన్నీ రాశాను.

ఒకరోజు పొద్దున ఎండలో స్వరూపక్క దానికి తల దువ్వుతూ పాట పాడుతోంది. ప్రవళిక వెనక్కి తిరిగి, తల్లి గొంతు మీద అరచేయి ఆనించి, కళ్లు మూసుకుంది. పాట ఆగితే చెయ్యి తట్టింది. మళ్లీ పాడితే మళ్లీ కళ్లు మూసుకుంది.

"సూసినవా చెల్లె? నా పాటంటే ఎంత పానమో!" అంది స్వరూపక్క మురిసిపోతూ. "ఇది రాయి. ఇది బుక్కుల రాయి."

రాశాను. "ఏడో వారం. తల్లి పాడుతున్నప్పుడు గొంతు కదలికను చేత్తో తాకి ఆనందిస్తోంది. పాటను వినడం లేదు." నా రికార్డులో ఇంతకంటే మంచి వాక్యం లేదని రాసేటప్పుడే అనుకున్నాను.

చెబుదామని అనుకోకపోలేదు. రోజూ అనుకున్నాను. డిసెంబరు పోనీ అనుకున్నాను. రికార్డు ఇచ్చేసిన మర్నాడే చెబుదామనుకున్నాను. ఇచ్చేశాక, మౌఖిక పరీక్ష అయిపోనీ అనుకున్నాను.

అది జనవరి ఇరవై ఐదున జరిగింది. బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి నా రికార్డు తిప్పి తిప్పి చూశాడు. "చాలామంది ఇలాంటివి గమనించరమ్మా. గమనించినా ఇంట్లో చెప్పరు. మీరు చెప్పారు, అది ముఖ్యం," అని ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టి చూపించాడు. ముప్పైకి ఇరవై తొమ్మిది వేశాడు. ఏసమ్మ మేడం గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "పాప ఎట్లున్నది? పోయిన్రా హైదరాబాద్?" అని అడిగింది. వచ్చేవారం అన్నాను.

రికార్డు ఇంటికి తెచ్చి బట్టల పెట్టె మీద పెట్టాను. దాచాలని కూడా తోచలేదు. ఆ ఇరవై తొమ్మిది సంబరంలో ఉన్నాను.

*

మంగళవారం సెంటరు నుంచి వచ్చేసరికి మూడున్నర. పల్లి చెట్లు పీకి ఇంటి ముందు కుప్ప వేసి ఉన్నాయి. అత్త ఒక పక్క కూర్చుని కాయ తెంపుతోంది. పిల్లలిద్దరినీ ఆ రోజు సెంటరుకు పంపలేదు. కుప్ప పక్కన చెరొక గంప పెట్టుకుని వాళ్లూ తెంపుతున్నారు. స్వరూపక్క గడప మీద కూర్చుని ఉంది. ఒళ్లో రికార్డు.

"ఫొటో జూద్దామని తీసిన," అంది.

నేను గేటు దగ్గరే ఆగిపోయాను.

ఆమె మూడో వారం పేజీ తీసి చదివింది. బడిలో పాఠం అప్పజెప్పినట్టు, ఒక్కొక్క మాటా. "పెద్ద శబ్దానికి స్పందన లేదు." ఆగింది. "పంతొమ్మిది నవంబరు. సింధూజకు జొరమొచ్చిన దినం గద ఇది. నేను పొద్దుమాపు దాని దగ్గర్నే కూసున్న." పేజీ అంచుకు వేలు జరిపింది. "తల్లిదండ్రులకు తెలియజేయడమైనది. గిదేంది చెల్లె? ఎవరికి జెప్పినవు? మీ బావకు జెప్పినవా?"

"అత్తకు జెప్పిన," అన్నాను.

అత్త చేతిలో చెట్టు ఆగింది. "నాకా? నాకెప్పుడు జెప్పినవే? నాకేం తెల్వదు." మళ్లీ కాయ తెంపసాగింది.

స్వరూపక్క అత్త వైపు చూడలేదు. రికార్డు పక్కన పెట్టి లేచింది. పిల్లల వెనకగా వెళ్లి నాలుగడుగుల దూరంలో నిలబడింది.

"ప్రవళికా."

సింధూజ తలెత్తింది. పెద్దమ్మను చూసి, అక్క చెయ్యి పట్టి లాగింది. ప్రవళిక వెనక్కి తిరిగి నవ్వింది.

స్వరూపక్క కూడా నవ్వింది దాన్ని చూసి. అది మళ్లీ గంప వైపు తిరిగేదాకా ఆగింది. తర్వాత, "సింధూ, జర నా దగ్గరకు రా బిడ్డా," అంది. సింధూజ వచ్చింది. దాని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది.

"ప్రవళికా."

ప్రవళిక కాయ తెంపి గంపలో వేసింది.

"ప్రవళికా. ప్రవళికా!"

ఇంకో కాయ వేసింది. ఒకటి వలిచి నోట్లో వేసుకుంది. స్వరూపక్క గొంతు వీధి దాకా వినపడింది. ఎదురింటివాళ్లు గుమ్మంలోకి వచ్చారు. సింధూజ చేతులు విడిపించుకోబోయి, విడిపించుకోలేక ఏడుపు మొదలుపెట్టింది.

"ఎందుకు జెప్పలే?" అని అడిగింది స్వరూపక్క, నా వైపు తిరక్కుండానే.

నేను తల వంచుకున్నాను.

"అరవై తొమ్మిది దినాలు," అంది ఆమె. నేను వచ్చేలోపు లెక్కపెట్టి ఉంచుకుంది. "అరవై తొమ్మిది దినాలు నీకు చాయ్ పోసిచ్చిన."

*

మర్నాడే వనపర్తి దవాఖానకు వెళ్లారు. అక్కడి నుంచి హైదరాబాద్ పంపారు. వారం తర్వాత మా బావ మద్దిలేటి ఒక్కడే తిరిగొచ్చి, అరుగు మీద కూర్చుని మా ఆయనకు చెప్పాడు. రెండు చెవులూ పోయాయట. పుట్టుకతోనేనట. ఇప్పుడు మిషన్లు పెట్టి, మాటలు నేర్పించి చూడాలట. ఎంతవరకు వస్తాయో చెప్పలేమన్నారట. "ఇన్నేండ్లు ఏం జేసిన్రు అని మొకం మీదనే అడిగిండు డాక్టరు," అన్నాడు. లోపల పొయ్యి దగ్గర నిలబడి విన్నాను.

నాలుగేళ్లతో పోలిస్తే అరవై తొమ్మిది రోజులు ఎంత? ఈ ప్రశ్న నాకు వెంటనే వచ్చింది, చాలాసార్లు వచ్చింది. డాక్టరు అన్నది ఇన్నేళ్లు అని. ఇన్ని రోజులు అని కాదు. ఆ మాట పట్టుకుని కొన్నాళ్లు నిద్రపోయాను. కానీ ఆ నాలుగేళ్లూ వాళ్లకు తెలియక గడిచాయి. నేను తెలిసి, తేదీలు వేసి మరీ గడిపాను.

మా ఆయన నన్ను ఎక్కువ మాటలేమీ అనలేదు. "నాకన్న జెప్పకపోతివి," అన్నాడు ఒక్కసారి. తర్వాత కొన్నాళ్లు పక్కింటి మనిషిలా మసిలాడు.

శివరాత్రి నాటికి పొయ్యిలు రెండయ్యాయి. స్వరూపక్క పిల్లను తీసుకుని వనపర్తిలో ఒక గది అద్దెకు తీసుకుంది. వారానికి మూడు రోజులు అక్కడ మాటల క్లాసు. బావ ఊర్లో చేను చూసుకుంటూ వచ్చిపోయేవాడు. అత్త నా పొయ్యి దగ్గరే తింటుంది. ఆ చేనులో మాట్లాడుకున్న మాట మేమిద్దరం మళ్లీ ఎత్తలేదు. ఆమెకు అన్నం పెట్టేటప్పుడు కొన్నిసార్లు నా చెయ్యి ఆగుతుంది. ఆమె కూడా నా ముఖం చూడదు. చెప్పలేదని నన్ను తిట్టే హక్కు ఆమెకు లేదు. చెప్పానని నిరూపించే మొహం నాకు లేదు.

మేలో ఫలితాలు వచ్చాయి. మొదటి శ్రేణి. బడిలో చిన్నపిల్లల తరగతికి నన్నే తీసుకుంటున్నట్టు హెడ్‌మాస్టరు ఫోన్ చేసి చెప్పాడు. సర్టిఫికెట్ తీసుకోవడానికి వనపర్తి వెళ్లినరోజు డజను అరటిపళ్లు కొని, అడుగుతూ అడుగుతూ స్వరూపక్క గది వెతుక్కుంటూ పోయాను.

తలుపు తీసి ఉంది. ప్రవళిక నేల మీద కూర్చుని బొమ్మల కార్డులు పరుచుకుంది. రెండు చెవుల వెనుకా మిషన్లు. నన్ను చూసి గబగబా లేచి వచ్చి నా చీర పట్టుకుంది. దానికి నామీద ఏ కోపమూ లేదు.

"నిలబడ్డవేంది? కూసో," అంది స్వరూపక్క. చెంబుతో నీళ్లిచ్చింది. మనిషి సగమైంది. "కోర్సు అయిపోయిందా?"

"అయిపోయిందక్కా."

"పాసైనవా?"

"పాసైన."

"మంచిది." అరటిపళ్ల సంచి గోడ పక్కన పెట్టింది. కాసేపు కార్డులు సర్దింది. ఒక కార్డు ప్రవళికకు చూపించి, తన పెదాలు ముడిచి, "పూ" అంది. ప్రవళిక తన చెయ్యి తల్లి పెదాల ముందు పెట్టి గాలి తగులుతుంటే నవ్వింది.

"మా అమ్మోళ్లు, ఊర్లోళ్లు, ఈడ మాటల క్లాసు జెప్పే మేడం, అందరు నన్ను ఒక్కటే అడుగుతరు," అంది నన్ను చూడకుండానే. "కన్నతల్లివి, నీకెట్ల తెల్వలేదని. మీ బావ గూడ అడిగిండు. ఆయన ఈడికొచ్చి ఇరవై దినాలైంది. నిన్ను ఎవరన్న ఒక్క మాట అడిగిన్రా?"

"లేదక్కా."

"ఎందుకు అడుగుతరు? నువ్వు కనిపెట్టినదానివి. నేను కనిపెట్టనిదాన్ని." ఇంకో కార్డు తీసింది. "నేనొక్కదాన్నే అడిగిన ఆ దినం. నువ్వు తల ఒంచుకున్నవు. ఇయ్యాల చెప్పు. కొట్లాడను. ఎందుకు జెప్పలే?"

దారంతా సిద్ధం చేసుకున్న మాటలు చాలా ఉన్నాయి నా దగ్గర. అత్త వద్దంది. నువ్వు బాధపడతావనుకున్నాను. నాదే పొరపాటేమో అనుకున్నాను. అన్నిట్లోనూ కొంచెం కొంచెం నిజం ఉంది. ఆమె మాత్రం నా మూతి వైపే చూస్తోంది, ప్రవళిక చూసినట్టు.

"నా ఒక్క ఏడాది పోతదని," అన్నాను. "పిల్లను మారిస్తే రికార్డు మళ్ల మొదటికెల్లి రాయాలె. ఏడాది పోతదని జెప్పలే."

ఆమె తలూపింది. కోపం రాలేదు ఆమెకు. వస్తే బాగుండుననుకున్నాను.

"నా బిడ్డది?" అంది.

ఆమె జవాబు కోసం ఆగలేదు. నాలుగయిందని లేచి, ప్రవళికకు చెప్పులు తొడిగింది. ఒక మిషను జారితే సరిచేసింది. తాళం తీసుకుని, నేను బయటికి రావడానికి గుమ్మంలో పక్కకు జరిగింది. సంచిలో అరటిపళ్లు కదలకుండా అట్లాగే ఉన్నాయి.

వీధి చివర వాళ్లు క్లాసు వైపు తిరిగారు, నేను బస్టాండు వైపు. ప్రవళిక రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి చెయ్యి ఊపింది. స్వరూపక్క తిరగలేదు.